ఇంటిపేరు ముందా, వెనకా?

శనివారం పొద్దున పదిన్నర. అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో రాయదుర్గం వెళ్ళే రైలు కోసం ముగ్గురు నిలబడి ఉన్నారు. ఒకాయన ఆదిత్య ఎన్‌క్లేవ్‌లో ఇరవై నాలుగేళ్ళుగా కోర్ జావా చెబుతున్న మాస్టారు. పక్కన ఆయన అక్క కూతురు, నానక్‌రామ్‌గూడలో ఒక కంపెనీలో టీమ్ లీడ్. ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే జట్టు ఆమెది. మూడో మనిషి సూర్యాపేట పక్క పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న కుర్రాడు. బీటెక్ అయి ఏడాది దాటింది. వీపున లాప్‌టాప్ సంచి, చేతిలో జిరాక్స్ మెటీరియల్.

"మా బ్యాచ్‌లో వీడు గట్టివాడు. మీ దగ్గర ఏమైనా ఉందేమో చూడవే," అన్నారు మాస్టారు.

ఆమె కుర్రాడి వైపు తిరిగి అడిగిన మొదటి ప్రశ్నతోనే గొడవ మొదలైంది. "కోడు రాసేటప్పుడు ఏ ఏఐ వాడతావు?"

కుర్రాడు మాస్టారి ముఖం చూశాడు. ఆయన క్లాసులో వాటికి ప్రవేశం లేదు. మొదటి రెండు నెలలు కాగితం మీదే ప్రోగ్రాం రాయాలి, ఆ తర్వాతే కీబోర్డు.

"చెప్పు, ఫర్వాలేదు," అంది ఆమె.

"క్లాసుల వాడ మేడమ్. రూముల మాత్రం అన్నీ దాన్నే అడుగుత," అన్నాడు కుర్రాడు తల వంచుకుని.

రైలు వచ్చింది. ఎక్కారు. సీట్లు దొరకలేదు. స్తంభం పట్టుకుని నిలబడే మొదలుపెట్టారు మాస్టారు. "చూశావా? ఇదే నా బాధ. వీడికి ఫర్ లూప్ ఎందుకు తిరుగుతోందో అర్థం కాకముందే ప్రాజెక్టు పూర్తయిపోతోంది. రెజ్యూమేలో నాలుగు ప్రాజెక్టులు. ఒక్కదాని లోపల ఏముందో వీడికి తెలియదు."

"మావయ్యా, అమీర్‌పేటలో అది కొత్తా? మైత్రీవనం చుట్టుపక్కల ప్రాజెక్టులు ఎప్పుడు అమ్మలేదు చెప్పండి. రెండు వందల ఇంటర్వ్యూ ప్రశ్నలు, జవాబులు బట్టీపట్టి వెళ్ళినవాళ్ళు ఎంతమంది లేరు? లేని మూడేళ్ళ అనుభవం రెజ్యూమేలో పెట్టుకుని వెళ్ళినవాళ్ళు?"

ఆయన కాదనలేదు. అమీర్‌పేటను ప్రేమించే మనిషికి అమీర్‌పేట జబ్బులు కూడా తెలుసు. ఆయన తెనాలి నుంచి అక్కడికి వచ్చింది 1998లో. ఆ ఏడాది ఈ ఊరి కథలో చిన్నది కాదు. నవంబరు 22న అప్పటి ప్రధాని వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించారు. మైక్రోసాఫ్ట్ తన అభివృద్ధి కేంద్రాన్ని హైదరాబాద్‌లో తెరిచింది, గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ పుట్టింది. అమెరికా కంపెనీలన్నిటికీ వై-టూ-కే భయం పట్టుకుని ఉంది. సంవత్సరాన్ని రెండంకెల్లో దాచుకున్న పాత కోబాల్ ప్రోగ్రాములు 2000 వచ్చేసరికి 1900కి వెళ్ళిపోతాయన్న భయం అది. వాటిని వరుస వరుసా చదివి దిద్దడానికి మనుషులు కావాలి, వేలల్లో. తెనాలి, ఖమ్మం, అనంతపురం కుర్రాళ్ళు అమీర్‌పేట గదుల్లో ఆరుగురేసి ఉంటూ కోబాల్ నేర్చుకున్నది అందుకే. మాస్టారు కూడా అలా నేర్చుకుని రెండేళ్ళు ఆ పనే చేశారు.

"అప్పుడు మేం చేసిందంతా చదవడమే తల్లీ," అన్నారు. "ఎవరో అమెరికన్ 1974లో రాసిన ప్రోగ్రాం. ఆయన రిటైరై ఉంటాడు, పోయి కూడా ఉండొచ్చు. ఆ కోడు పట్టుకుని ఒక్కో వరుసా వేలుపెట్టి చదివాను. ప్రోగ్రామంటే ఏమిటో నాకు అక్కడే తెలిసింది. రాయడం ఆ తర్వాత వచ్చింది."

"ఆ చదివిన కోడులో మీరేం దిద్దారో నాకు చెప్పారొకసారి, గుర్తుందా? రెండంకెల్ని నాలుగంకెలు చేయడానికి టైము లేదని, 50 లోపుంటే ముందు 20 తగిలించు, పైనుంటే 19 తగిలించు అని ఒక షరతు పెట్టి వదిలేశారు. అది 2050లో మళ్ళీ పేలుతుంది. చెత్త కోడు రాయడానికి మనిషికి యంత్రం సాయం అక్కర్లేదు మావయ్యా."

ఆ షరతు పెట్టింది ఆయనొక్కరే కాదు, ప్రపంచమంతా పెట్టింది. విండోయింగ్ అని దానికో పేరు కూడా ఉంది. అయినా ఆయన నొచ్చుకున్నట్టు కనిపించారు. మధురానగర్ వచ్చి వెళ్ళింది. యూసుఫ్‌గూడలో ఓ గుంపు ఎక్కింది.

ఇక్కడ ఆమె వాదన కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే అది గాలి మాట కాదు. గిట్‌హబ్ కోపైలట్ 2021 జూన్‌లో పరీక్షగా బయటికొచ్చింది, మరుసటి ఏడాది అందరికీ అందింది. ఈ యంత్రాలు చేసే పని వినడానికి సులువు: ఇంతవరకు రాసింది చూసి, తర్వాత రావలసిన ముక్క ఏదో ఊహించడం. జనం బహిరంగంగా పెట్టిన కోట్లాది వరుసల కోడు మీద సాధన చేశాయి కాబట్టి ఆ ఊహ చాలాసార్లు సరిపోతుంది. గిట్‌హబ్ వాళ్ళ పరిశోధనలో 95 మంది ప్రోగ్రామర్లకు జావాస్క్రిప్ట్‌లో ఒక చిన్న సర్వర్ రాయమని పని ఇస్తే, కోపైలట్ ఉన్నవాళ్ళు మిగతావాళ్ళకంటే 55.8 శాతం తక్కువ సమయంలో ముగించారు. గూగుల్‌లో కొత్త కోడులో నాలుగో వంతుకు పైగా ఏఐ రాస్తోందని, ఇంజనీర్లు దాన్ని పరిశీలించి ఒప్పుకుంటున్నారని సుందర్ పిచాయ్ 2024 అక్టోబరులో చెప్పారు. బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ళ 2025 ఏప్రిల్‌లో, మైక్రోసాఫ్ట్ కోడులో 20 నుంచి 30 శాతం దాకా సాఫ్ట్‌వేరే రాసినది ఉంటుందన్నారు.

"ఆయన మా ఊరివాడే కావచ్చు. ఆయన చెప్పింది ఎంత రాసిందన్న లెక్క," అన్నారు మాస్టారు. "ఎంత సరిగా రాసిందన్న లెక్క వేరే ఉంటుంది."

"ఉంది. అదీ చెప్తాను. దాచిపెట్టడానికి నేనేం దాన్ని అమ్మడానికి రాలేదు," అంది ఆమె. "కానీ ముందు నా మాట వినండి. మా ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌లో పదిహేనేళ్ళ కిందటి కోడు ఉంది. రాసినవాళ్ళు లేరు. పత్రాలూ లేవు. ఆ కోడు సంగతులు వివరించి అప్పగించడానికి మిగిలిన ఒక్కడూ ఆన్‌సైట్ పని మీద విదేశం వెళ్ళి అక్కడే ఇంకో కంపెనీలో చేరిపోయాడు. అంతకుముందు అలాంటి మాడ్యూల్ కొత్తవాళ్ళకి అప్పగిస్తే రెండు నెలలు బిక్కమొహం వేసుకుని కూర్చునేవాళ్ళు. ఇప్పుడు ఏ ఫంక్షన్ ఎవర్ని పిలుస్తోంది, ఈ టేబుల్లోకి ఎవరు రాస్తున్నారు అని ఏఐ మోడల్‌ని అడిగితే చెబుతుంది. తప్పు కూడా చెప్తుంది, కానీ వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. మీరు వేలుపెట్టి చదివింది ఒంటరిగా. వీళ్ళకి పక్కన ఎవరో కూర్చుని చదివినట్టుంటుంది. టెస్టులు, పత్రాలు, పాత జావా నుంచి కొత్త జావాకి మార్చడం – ఎవరూ చేయడానికి ఇష్టపడని పనులివి. శనివారాలు ఆఫీసుకెళ్ళి చేసేవాళ్ళం. ఆ శనివారాలు నాకు తిరిగొచ్చాయి."

"ఇవాళ శనివారమే కదే?"

"ఇవాళ డిప్లాయ్‌మెంట్. అది వేరు." ఆమె నవ్వేసింది.

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర రెండు సీట్లు ఖాళీ అయ్యాయి. మాస్టారు కూర్చుని, తన వంతు అందుకున్నారు. ఆయన ఊరికే పాతకాలపు మనిషి కాదు. తన పొట్ట కొడుతున్న దాని గురించి చదువుకునే వచ్చారు.

ఆయన మొదట చెప్పింది మెటర్ అనే అమెరికన్ పరిశోధన సంస్థ 2025 జులైలో బయటపెట్టిన ఫలితం. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో ఏళ్ళ తరబడి పనిచేసిన 16 మంది గట్టి ప్రోగ్రామర్లు, 246 నిజమైన పనులు. కొన్నిటికి ఏఐ వాడొచ్చు, కొన్నిటికి వాడకూడదు. ఏఐ ఉంటే పని 24 శాతం తొందరగా అవుతుందని వాళ్ళు మొదట్లో అంచనా వేశారు. అయిపోయాక 20 శాతం తొందరగా అయిందన్నారు. గడియారం చూస్తే 19 శాతం ఆలస్యమైంది.

"ఆలస్యమైతే అయింది. అది కాదు నన్ను భయపెట్టింది. ఆలస్యమైన సంగతి వాళ్ళకే తెలియలేదు. అంత అనుభవమున్నవాళ్ళకి! ఇక వీడెంత?"

"వాళ్ళు తమ కోడుని అరచేతి గీతల్లా ఎరిగినవాళ్ళు. అలాంటివాళ్ళకి పక్కవాడి సలహా అడ్డమే. మా కుర్రాళ్ళకి వచ్చేది ఊరూ పేరూ లేని కోడు. పోల్చకండి."

"సరే, పోల్చను. వెరాకోడ్ అనే భద్రతా సంస్థ వాళ్ళు అదే ఏడాది వందకు పైగా మోడళ్ళకి కోడు రాసే పనులిచ్చి చూశారు. 45 శాతం సార్లు భద్రతలో తెలిసిన లోపమే దొర్లింది. మోడల్ పెద్దదైనా, కొత్తదైనా ఆ లోపాలు పెద్దగా తగ్గలేదుట. దీనికేమంటావు?"

"అందుకే రివ్యూ."

"ఎవరు చేస్తారు రివ్యూ? రోజుకు ఐదు వందల వరుసలు వచ్చే చోట ఐదు వేలు వస్తుంటే ఎవరు చదువుతారు? పైకి చక్కగా ఉంటుంది కోడు. కామెంట్లు ఉంటాయి, పేర్లు బాగుంటాయి. సాయంత్రం ఆరయ్యాక బాగున్నదాన్ని చూస్తే అప్రూవ్ నొక్కాలనే అనిపిస్తుంది." ఆయన గొంతు కొంచెం తగ్గించారు. "ఈ ఊరికి ఆ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు ఉత్తరం బయటికొచ్చిన రోజు నా క్లాసులో ముప్పై మంది ఉన్నారు. వాళ్ళలో సగం మంది అన్నలో, బావలో సత్యంలో పనిచేసేవాళ్ళే. లెక్కల పుస్తకాల్లో ఉన్న 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని ఆయనే రాశాడు. ఏటేటా ఆ లెక్కలు పద్ధతి ప్రకారమే బయటికొచ్చాయి కదా. అంకెలన్నీ వరుసగా, కూడికలన్నీ సరిగ్గా ఉంటే లోపల డబ్బుందా లేదా అని చెయ్యిపెట్టి చూసే మనిషి కరువైపోతాడు. నాకు ఈ కోడును చూస్తే అదే గుర్తొస్తుంది."

ఆమె వెంటనే జవాబివ్వలేదు. ఆ పోలిక కొంచెం దూరంగానే వెళ్ళింది, నిజమే. సత్యంలో జరిగింది మోసం, యంత్రానికి మోసం చేసే ఉద్దేశం ఉండదు. అయినా పైకి సరిగ్గా కనిపించేది నిజంగా సరైనదేనా అన్న ప్రశ్న రెండు చోట్లా ఒకటే. ఈ రైలుదారి పొడవునా నిలబడ్డ అద్దాల మేడల్లో రోజూ వేలమంది మీద పడుతున్న ప్రశ్న అది.

కుర్రాడు ఇప్పుడు నోరు తెరిచాడు. "సార్, నాకొకసారి లేని ప్యాకేజీ పేరు చెప్పింది. ఇన్‌స్టాల్ చెయ్యమన్నది. గంటసేపు వెతికిన. అసొంటిది లేనే లేదు."

అతనికి జరిగింది వింతేమీ కాదు. అమెరికా విశ్వవిద్యాలయాల పరిశోధకులు 16 మోడళ్ళతో 5,76,000 కోడు నమూనాలు రాయించి చూస్తే, అవి సూచించిన ప్యాకేజీల్లో దాదాపు ఐదో వంతు ఎక్కడా లేనివే. లేనిదైతే ఇన్‌స్టాల్ కాదు, గంట పోతుంది, అంతే. కానీ మోడళ్ళు ఆ లేని పేర్లనే పదేపదే చెబుతుంటాయి కాబట్టి, ఎవరైనా దొంగ అదే పేరుతో విషం కలిపిన ప్యాకేజీ తయారుచేసి పెట్టుకుని కూర్చోవచ్చు. అప్పుడు ఇన్‌స్టాల్ అవుతుంది.

"ఇంకా నయం, నీకు పోయింది గంటే," అన్నారు మాస్టారు. "2025 జులైలో అమెరికాలో జేసన్ లెమ్‌కిన్ అనే పెట్టుబడిదారుడు రెప్లిట్ వాళ్ళ ఏఐ ఏజెంటుతో ఒక అప్లికేషన్ కట్టుకుంటున్నాడు. ఇక ఏమీ ముట్టుకోవద్దని చెప్పి పెట్టాడు. అది నిజమైన డేటాబేస్‌ని తుడిచేసింది. వెయ్యికి పైగా కంపెనీల వివరాలు. పైగా తిరిగి తెచ్చుకోవడం కుదరదని కూడా చెప్పింది, అదీ అబద్ధమే, కుదిరింది. చూసి రమ్మంటే కాల్చి వచ్చాడని మనవాళ్ళు ఎప్పుడో అన్నారు. హనుమంతుడికి ఏం కాల్చాలో తెలుసు. దీనికి అదీ తెలియదు."

"రెప్లిట్ అధిపతే క్షమాపణ చెప్పాడు. పరీక్షకి వాడే డేటాబేస్‌నీ, అసలుదాన్నీ వేరుచేసే ఏర్పాటు ఆ తర్వాత చేశారు. ముందే చేసి ఉండాల్సింది. కానీ మావయ్యా, మా కంపెనీలో కొత్తగా చేరినవాడికి ప్రొడక్షన్ తాళాలు ఇస్తామా? వాడు తుడిచేస్తే తప్పు వాడిదా, తాళాలు ఇచ్చినవాళ్ళదా? యంత్రాన్ని కూడా కొత్త కుర్రాడిలాగే చూడమంటున్నాను. తెలివైనవాడు, తొందరపాటువాడు. తెలియదని చెప్పడం రానివాడు."

ఆ మాట ఆయనకు నచ్చినట్టుంది. కానీ దాన్నే పట్టుకున్నారు. "కొత్త కుర్రాడు రెండేళ్ళకి పాతవాడవుతాడు. కిందటిసారి చేసిన తప్పు గుర్తుంటుంది, సిగ్గుపడతాడు, మళ్ళీ చేయడు. దీని మీద నువ్వు పెట్టిన కష్టం ఎక్కడికి పోతుంది? రేపు కొత్త సంభాషణ తెరిస్తే మళ్ళీ మొదటికి."

రైలు పెద్దమ్మ గుడి దాటి మాదాపూర్ చేరుతోంది. ఆ తర్వాత దుర్గం చెరువు, దాని మీద తీగల వంతెన. ఈ వాదన ఇక్కడితో సగంలో ఆగిపోయి ఉండేది, ఆమె ఒక ఆరు వరుసల కోడు కథ చెప్పకపోయి ఉంటే.

"నాకు వ్యతిరేకంగా పనికొచ్చే సంగతి నేనే చెప్తాను, వినండి," అంది.

ఆసుపత్రి రిజిస్ట్రేషన్ స్క్రీన్ అది. రోగి పేరు ఒకే గడిలో రాస్తారు, దాన్ని ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్‌గా విడగొట్టాలి. అదే మనిషి రెండోసారి వస్తే పాత రికార్డుకే కలపాలి. ఆ పని మోడల్‌కిచ్చారు. నిమిషం కూడా పట్టలేదు, ఆరు వరుసల్లో రాసిచ్చింది: పేరును ఖాళీల దగ్గర ముక్కలు చెయ్యి, మొదటి ముక్క ఫస్ట్ నేమ్, చివరి ముక్క లాస్ట్ నేమ్. ఫస్ట్ నేమ్, ఫోన్ నంబరు రెండూ కలిస్తే అదే మనిషి. చుట్టూ డజను టెస్టులు కూడా అదే రాసింది. అన్నీ పాసయ్యాయి. ఆ టెస్టుల్లో ఉన్న పేర్లు జాన్ స్మిత్, మేరీ జాన్సన్.

"అర్థమైంది," అన్నారు మాస్టారు, నెమ్మదిగా.

"మీకు అర్థమవుతుంది. ఇద్దరు సీనియర్లు చూశారు, వాళ్ళకి కాలేదు. నేనూ చూశాను, నాకూ కాలేదు. అప్రూవ్ నొక్కాను." ఆమె ఆగింది. "మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది. కొత్తపల్లి వెంకటలక్ష్మి వస్తే ఆమె ఫస్ట్ నేమ్ కొత్తపల్లి. కూతురు కొత్తపల్లి అనూష వస్తే ఆమె ఫస్ట్ నేమ్ కూడా కొత్తపల్లే. ఇంట్లో అందరికీ ఆసుపత్రిలో ఇచ్చేది ఒకే ఫోన్ నంబరు, నాన్నదో, కొడుకుదో. తల్లీ కూతురూ ఒక్క మనిషైపోయారు. తల్లి షుగర్ రిపోర్టు కూతురి ఫైల్లో."

"ఎవరు పట్టుకున్నారు?"

"ఖమ్మం అమ్మాయి. చేరి ఆరు నెలలు. టెస్టింగ్‌లో ఊరికే తన పేరు, వాళ్ళమ్మ పేరు కొట్టి చూసింది. స్క్రీన్ మీద వాళ్ళమ్మ మాయమైపోయింది. పరిగెత్తుకుంటూ వచ్చింది నా దగ్గరికి."

మోడల్ జాన్ స్మిత్‌ని ఎందుకు ఎంచుకుందో చెప్పడం కష్టం కాదు. అది చదువుకున్న కోడులో, ఉదాహరణల్లో ఎక్కడ చూసినా ఆ పేర్లే. ఎక్కువగా చూసింది ఎక్కువగా ఊహిస్తుంది. తెలుగు ఇంట్లో ఇంటిపేరు ముందుంటుందన్న సంగతి దానికి తెలియక కాదు, అడిగితే చక్కగా వ్యాసం రాసిస్తుంది. అడగకపోతే గుర్తుకు తెచ్చుకోదు. పైగా కోడూ టెస్టులూ ఒకే ఊహలోంచి పుట్టాయి కాబట్టి, కోడుకు తెలియని సంగతి టెస్టులకీ తెలియలేదు. ప్రశ్నపత్రం రాసినవాడే జవాబులు రాసి, తనే దిద్దుకున్నట్టు. డజను ఆకుపచ్చ టిక్కులు చూసి ముగ్గురు అనుభవజ్ఞులు నమ్మేశారు. సాంకేతిక పత్రికల్లో వచ్చే భద్రతా లోపాల శాతాలకంటే ఈ మాయమైపోయిన తల్లి ముఖ్యం, ఎందుకంటే ఆ రికార్డు చూసి మందు రాసే డాక్టరుకు కోడు కనిపించదు.

"ఒక్క మాట," అంది ఆమె. "ఇలాంటి తప్పు మనిషి రాసిన కోడులో నేను పాతికసార్లు చూశాను. లాస్ట్ నేమ్ తప్పనిసరి అని పట్టుబట్టే ఫారాలు అమెరికా క్లయింట్ల నుంచి అచ్చుగుద్దినట్టు దిగుమతి చేసుకున్నది మనమే. కాబట్టి యంత్రం వల్లే వచ్చిందని అనకండి."

"అనను. ఆ ఖమ్మం అమ్మాయి గురించి అడుగుతాను. మూడేళ్ళ కిందట నీ జట్టులో అలాంటివాళ్ళు ఎంతమంది ఉండేవాళ్ళు?"

"కిటికీ పక్క వరుసంతా వాళ్ళే."

"ఇప్పుడు?"

"రెండు కుర్చీలు."

ఆమె ఆ మాట చెప్పేటప్పుడు కుర్రాడి వైపు చూడలేదు. హైటెక్ సిటీ స్టేషన్ వచ్చింది. ముగ్గురూ అక్కడే దిగిపోయారు, టీ తాగి ఆమె క్యాబ్‌లో వెళ్తుందని.

ఈ రెండు కుర్చీల లెక్కను మొత్తం యంత్రం ఖాతాలో వేయడం న్యాయం కాదు. తెలంగాణ ప్రభుత్వ లెక్కల్లో 2022–23లో ఐటీ ఉద్యోగులు 9,05,715 మంది, ఆ ఒక్క ఏడాదే కొత్తగా చేరినవాళ్ళు 1,27,594. మరుసటి ఏడాది చేరినవాళ్ళు దాదాపు 40 వేలే. అప్పటికి ఈ కోడు రాసే ఏజెంట్లు ఇంత పెరగలేదు. కోవిడ్ రోజుల్లో అవసరానికి మించి తీసుకున్నారు, ఆ తర్వాత అమెరికాలో వడ్డీలు పెరిగి క్లయింట్లు చేతులు ముడుచుకున్నారు. 2025 జులైలో టీసీఎస్ పన్నెండు వేల పైచిలుకు మందిని, అంటే మొత్తంలో 2 శాతాన్ని, తగ్గిస్తామన్నప్పుడు కూడా, నైపుణ్యాలు కుదరకే తప్ప ఏఐ వల్ల కాదని కంపెనీ చెప్పింది. అదంతా ఒప్పుకున్నా ఒక సంగతి మిగిలిపోతుంది. ఫ్రెషర్‌కు మొదటి రెండేళ్ళు ఇచ్చే పనులు – చిన్న బగ్గులు, టెస్టులు, ఒక స్క్రీన్‌లో ఒక గడి చేర్చడం – సరిగ్గా ఇవాళ మోడల్ బాగా చేసే పనులే. ఆ పనులకు జీతమిస్తూ కంపెనీ తనకు తెలియకుండానే ఒక బడి నడిపింది. పాతికేళ్ళుగా ఈ ఐటీ కారిడార్‌లో సీనియర్లందరూ ఆ బడిలోంచే వచ్చారు. పని యంత్రానికి పోయాక బడి ఖర్చు విడిగా కనిపిస్తోంది, ఎవరూ దాన్ని భరించడానికి ముందుకు రావడం లేదు. ఈ వ్యాసం రాస్తున్నవారి పక్షం ఏదైనా ఉంటే అది ఇక్కడ ఉంది: ఏఐ వల్ల మిగిలిన గంటల్లో కొన్నయినా ఆ కుర్చీలకు తిరిగి ఇవ్వాలి. కిటికీ పక్క వరుస ఖాళీగా ఉంటే పదేళ్ళకి రివ్యూ చేసేవాళ్ళు ఎక్కడినుంచి వస్తారు?

సైబర్ టవర్స్ వైపు నడుస్తూ మాస్టారు దాదాపు ఇదే అన్నారు, ఇంకొంచెం కోపంగా. ఎదురుగా ఆ గుండ్రటి కట్టడం కనిపిస్తోంది. చుట్టూ లేచిన మేడల మధ్య ఇప్పుడది పొట్టిగా ఉంది. 1998లో దాన్ని చూడటానికే ఆయన సిటీ బస్సెక్కి వచ్చారట, చుట్టూ రాళ్ళగుట్టలే.

"కంపైలర్ వచ్చినప్పుడు కూడా ఇలాగే భయపడ్డారు మావయ్యా. 1957లో ఫోర్‌ట్రాన్ వస్తే, చేత్తో రాసిన కోడంత బాగా యంత్రం ఎలా ఇస్తుందని నమ్మలేదు. ఇవాళ అసెంబ్లీ ఎవరు రాస్తున్నారు? మీరు మీ క్లాసులో చెబుతారా?"

"చెప్పను. చెప్పక్కర్లేదు కూడా. కంపైలర్‌కి అదే ప్రోగ్రాం వందసార్లిస్తే వందసార్లూ ఒకటే అర్థంతో దించుతుంది. అది దించినదాన్ని నేను మళ్ళీ చదవక్కర్లేదు. నీ మోడల్‌కి అదే మాట రెండుసార్లు చెబితే రెండు రకాలుగా రాస్తుంది. ప్రతిదీ చదవాలి. చదవడం అలవాటు లేనివాడి చేతికి చదివి తీరాల్సిన పనిముట్టు ఇస్తున్నాం. నా గొడవంతా అంతే."

"అయితే నిషేధించడం దేనికి? చదవడం నేర్పండి. రెండు నెలలు కాగితం సరే, మూడో నెల మోడల్ రాసిన కోడు బోర్డు మీద పెట్టి తప్పు పట్టమనండి. వీళ్ళు రూముకెళ్ళి ఎలాగూ వాడుతున్నారు. చాటుగా వాడితే చాటుగానే మోసపోతారు."

మాస్టారు జవాబివ్వకుండా మూడు టీలు చెప్పారు. ఆ నిశ్శబ్దంలో ఒప్పుకోలు ఎంత ఉందో చెప్పలేం, కాదనడమైతే లేదు. కృత్రిమ మేధ ఈ నేలకు పరాయిదని ఆయన ఏనాడూ అనుకోలేదు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి స్టాన్‌ఫర్డ్‌లో జాన్ మెకార్థీ దగ్గర చదివి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న సంగతి ప్రతి కొత్త బ్యాచ్‌కూ మొదటి రోజు చెప్పేది ఆయనే. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ పాలకమండలికి మొదటి అధ్యక్షుడు కూడా ఆ రాజ్ రెడ్డే.

టీ వచ్చేలోపు ఆమె కుర్రాడి చేతిలోని జిరాక్స్ కట్ట తీసుకుని, వెనక తెల్లగా ఉన్న పేజీ మీద పెన్నుతో ఆరు వరుసలు రాసింది. "ఇది ఆ ఫంక్షనే. ఖమ్మం అమ్మాయి చెప్పాక మోడల్‌కి తప్పు చూపిస్తే ఇలా దిద్దింది. మొదటి ముక్క ఇంటిపేరు, మిగిలిందంతా పేరు. పేరు, ఫోన్, పుట్టిన తేదీ మూడూ కలిస్తేనే అదే మనిషి. చూసి చెప్పు, బాగుందా?"

కుర్రాడు లాప్‌టాప్ సంచి వైపు చూశాడు. మాస్టారు ఏదో అనబోయి ఊరుకున్నారు. కుర్రాడు సంచి తెరవలేదు. టీ గ్లాసు గోడ మీద పెట్టి, మాస్టారి క్లాసులో చేసినట్టే పక్కన గడులు గీశాడు. మొదట తన పేరు వేశాడు, వాళ్ళ నాన్న పేరు వేశాడు. సరిపోయింది. తర్వాత కొంచెంసేపు ఆలోచించి హాస్టల్లో తన గది పంచుకునే చార్మినార్ కుర్రాడి పేరు వేశాడు. మహమ్మద్‌తో మొదలయ్యే పేరు.

"మేడమ్, ఇది పాతబస్తీల పనిచెయ్యది," అన్నాడు. "అందరి ఇంటిపేరు మహమ్మదే అయితది. సగం బస్తీ ఒక్క కుటుంబం లెక్క చూపిస్తది."

ఆమె తల ఊపింది. "ఇంకా?"

అతను మళ్ళీ కాగితం మీదికి వంగాడు. ఇంటిపేరు చివర పెట్టుకునేవాళ్ళు, ఒక్క మాటే పేరుగా ఉన్నవాళ్ళు, పొడి అక్షరాలు ముందు పెట్టుకునేవాళ్ళు – ఒక్కొక్కటీ గడుల్లో వేస్తూ పోయాడు. ప్రతిదానికీ ఎక్కడో ఒకచోట విరుగుతోంది. టీ చల్లారిపోయింది. చివరికి పెన్ను మూసి, భయం భయంగానే అడిగాడు.

"మేడమ్, అసలు పేరును విడగొట్టుడెందుకు? ఫారంల రెండు గడులు పెట్టి వాళ్ళనే అడిగితే అయిపోతది గద?"

మాస్టారు గ్లాసు కింద పెట్టి మేనకోడలి వైపు చూశారు. ఆమె ఉద్యోగం ఇస్తానని అనలేదు, అది ఆమె ఒక్కదాని చేతిలో ఉన్న పని కాదు. ఆ కాగితం మడిచి తన హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుంది, ఫోన్ తీసి కుర్రాడి మెయిల్ ఐడీ అడిగింది. అప్పటికే క్యాబ్ వచ్చి రోడ్డు పక్కన హారన్ కొడుతోంది.